రేటు కంటే ముందు రూలు చూడండి: గోదావరి జిల్లాల నుంచి విదేశాలకు విమానం టికెట్ తీసే పద్ధతి

రాత్రి పదకొండు దాటాక శంషాబాద్ నుంచి మా చిన్నాన్న ఫోన్ చేశాడు. కౌలాలంపూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నాడు. "ఒరే అబ్బాయ్, కౌంటర్లో అమ్మాయి రిటర్న్ టికెట్ చూపించమంటోందిరా. మన దగ్గర లేదు కదా" అన్నాడు. నిజమే, లేదు. వెళ్ళడానికి తీశాం, వచ్చేది అల్లుడి సెలవులు చూసుకుని తర్వాత తీద్దాంలే అనుకున్నాం. కౌంటర్ మూసెయ్యడానికి నలభై నిమిషాలుంది. నేను రాజోల్లో మంచం మీద కూర్చుని ఫోన్లో టికెట్ వెతుకుతున్నాను. ఓటీపీ రాదు, మళ్ళీ కొడితే ఆలస్యంగా వస్తుంది. అవతల చిన్నాన్న లైన్లోంచి పక్కకి తప్పుకుని ట్రాలీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. చివరికి దొరికిన టికెట్‌కి, పది రోజుల ముందు తీసుంటే అయ్యేదానికి దాదాపు రెట్టింపు పెట్టాం.

అప్పటి నుంచి మా చుట్టుపక్కల ఎవరు టికెట్ చూడమన్నా నేను ముందు రేటు చూడను. ఏ వీసా, ఎన్ని రోజులు ఉండనిస్తారు, దారిలో ఎక్కడ దిగాలి, ఇవి తేలాకే విమానం వెతుకుతాను. మీరూ ఇదే వరసలో వెళ్ళండి.

మొదట: మీకు రిటర్న్ టికెట్ కావాలా, అక్కర్లేదా

ఉద్యోగ వీసా మీద వెళ్ళేవాళ్ళకి, స్టూడెంట్ వీసా ఉన్నవాళ్ళకి, గల్ఫ్‌లో అకామా, అంటే అక్కడ నివాస అనుమతి ఉండి సెలవుకి వచ్చి తిరిగి వెళ్తున్నవాళ్ళకి మామూలుగా ఒకవైపు టికెట్ చాలు. చుట్టపుచూపుగానో, ఊళ్ళు చూడ్డానికో వెళ్ళేవాళ్ళకే ఈ లెక్క. ఆ దేశం మిమ్మల్ని ఎన్ని రోజులు ఉండనిస్తుందో ఆ గడువులోగా బయటికి వెళ్ళిపోతారని చూపించే టికెట్ కావాలి. అది మన ఊరికి తిరిగొచ్చే టికెట్ కావచ్చు, అక్కడి నుంచి ఇంకో దేశానికి వెళ్ళే టికెట్ కావచ్చు. ఈ రెండోదాన్నే ఆన్‌వర్డ్ టికెట్ అంటారు.

"అక్కడి ఇమిగ్రేషన్ వాళ్ళు కదా అడగాలి, ఇక్కడ కౌంటర్లో అడగడం ఏంటి?" అని చాలామంది గొడవపడతారు. కారణం ఇది. దిగాక ఆ దేశం మిమ్మల్ని రానివ్వకపోతే, వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత మిమ్మల్ని ఎక్కించుకున్న విమాన సంస్థది. చాలా దేశాలు పైగా జరిమానా కూడా వేస్తాయి. అందుకే కౌంటర్లో ఉన్న మనిషి టిమాటిక్ అనే పట్టికలో మీ పాస్‌పోర్టు దేశం, వీసా, వెళ్ళే ఊరు కొట్టి చూస్తారు. ఐఏటీఏ అనే విమాన సంస్థల సంఘం నడిపే పట్టిక అది. రిటర్న్ కావాలి అని అందులో ఉంటే, ఆ టికెట్ చూడకుండా బోర్డింగ్ పాస్ ఇవ్వరు. వాళ్ళతో వాదించి లాభం లేదు. ఐఏటీఏ ట్రావెల్ సెంటర్ సైట్లో మనమూ ముందే చూసుకోవచ్చు. ఆ దేశపు ఇమిగ్రేషన్ సైట్ కూడా తెరిచి రెండూ సరిపోల్చుకోండి. పక్కింటాయన పోయినేడు వెళ్ళొచ్చాడు కదా అని ఆయన మాట మీద టికెట్ తియ్యొద్దు.

రూల్స్ ఎంత తొందరగా మారతాయో థాయ్‌లాండ్‌ని చూస్తే తెలుస్తుంది. 2023 నవంబరుకి ముందు మనకి వీసా ఆన్ అరైవల్ (అక్కడ దిగాక ఇచ్చే వీసా) మీద 15 రోజులే. ఆ నవంబరు నుంచి వీసా లేకుండా 30 రోజులు ఇచ్చారు. 2024 జులైలో అది 60 అయింది. 2025 మే 1 నుంచి బయల్దేరే ముందే ఆన్‌లైన్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలన్నారు. ఏడాదిన్నరలో ఇన్ని మార్పులు. కాబట్టి టికెట్ తీసే రోజున ఒకసారి, బయల్దేరే ముందు వారంలో ఇంకోసారి చూడండి. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్ళకి 30 రోజుల వరకు వీసా అడగడం లేదు, కానీ రిటర్న్ టికెట్ చూపించాలి, దిగడానికి ముందు మూడు రోజుల్లోపు వాళ్ళ డిజిటల్ కార్డు నింపాలి. బాలీ వెళ్ళేవాళ్ళకి ఇండోనేషియా 30 రోజుల వీసా ఆన్ అరైవల్ ఇస్తుంది. దానికీ రిటర్న్ గానీ ఆన్‌వర్డ్ గానీ ఉండాలి. దుబాయ్ విజిట్ వీసాకి కన్ఫర్మ్ అయిన రిటర్న్ టికెట్‌తో పాటు ఎక్కడ దిగుతున్నారో కూడా అడుగుతారు. హోటల్ అయితే బుకింగ్ కాగితం, చుట్టాల ఇల్లు అయితే వాళ్ళ అడ్రసు, ఎమిరేట్స్ ఐడీ కాపీ ప్రింటు తీసి పెట్టుకోండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రుల సంగతి కొంచెం వేరు. విజిటర్ వీసా పదేళ్ళకి ఉన్నా, ఒక్కసారి దిగితే ఎన్నాళ్ళు ఉండొచ్చో అక్కడి ఆఫీసర్ నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలల వరకు ఇస్తారు. "ఎప్పుడు వెళ్తారు?" అని ఆయన అడిగినప్పుడు చేతిలో ఐదు, ఐదున్నర నెలల తర్వాత తేదీతో రిటర్న్ టికెట్ ఉంటే ఇంగ్లీషు అంతగా రాని అమ్మకి కూడా కాగితమే జవాబు చెబుతుంది. సరిగ్గా ఆరో నెల చివరి రోజుకి మాత్రం తియ్యకండి. ఒక తుఫానో, ఒక జ్వరమో వస్తే ఆ రోజు దాటిపోతుంది.

రోజులు లెక్కపెట్టే పద్ధతి

30 రోజులు అంటే చాలా చోట్ల దిగిన రోజునే ఒకటో రోజుగా లెక్కపెడతారు. మార్చి 1న దిగితే మార్చి 30 ముప్పయ్యో రోజు. మార్చి 31 రాత్రి ఒంటిగంటకి విమానం తీస్తే గడువు దాటినట్టే. నేనైతే గడువుకి మూడు నాలుగు రోజులు ముందే రిటర్న్ పెడతాను. పాస్‌పోర్టు కూడా దిగే రోజుకి ఇంకా ఆరు నెలలు చెల్లేలా ఉండాలి. చాలా దేశాలు ఇది అడుగుతాయి. టికెట్ కొన్నాక గమనించి తత్కాల్ పాస్‌పోర్టు కోసం పరిగెత్తినవాళ్ళని చూశాను.

తేదీ తెలియకపోతే ఏం చెయ్యాలి

కూతురి పురుడు ముందుకీ వెనక్కీ జరగొచ్చు, ఊడ్పులు బట్టి తిరుగు ప్రయాణం మారొచ్చు. అలాంటప్పుడు తేదీ మార్చుకునే వీలున్న రిటర్న్ టికెట్ అన్నిటికంటే మంచిది. తీసేముందు రెండు ప్రశ్నలు అడగండి: తేదీ మారిస్తే ఎంత కోస్తారు, ఆ రోజు రేటు ఎక్కువుంటే తేడా కూడా కట్టాలా. రెండోది చాలా చోట్ల కట్టాల్సిందే. ఎమిరేట్స్, ఖతార్, ఎయిర్ ఇండియా లాంటి సంస్థల్లో దూర ప్రయాణాలకి రానుపోను కలిపి తీస్తే, విడివిడిగా రెండు టికెట్లు తీసేదానికంటే చాలాసార్లు చవకవుతుంది. తక్కువ ధరల సంస్థల్లో ఆ తేడా పెద్దగా ఉండదు.

పూర్తిగా డబ్బు వెనక్కి వచ్చే టికెట్ ఇంకో దారి. రేటు ఎక్కువే, పైగా రద్దు చేశాక డబ్బు మీ ఖాతాకి రావడానికి రోజులు పడుతుంది. ఆ డబ్బు అప్పటిదాకా కదలదని తెలిసి చెయ్యండి. మూడో దారి దగ్గరి దేశానికి చవకైన ఆన్‌వర్డ్ టికెట్, ఉదాహరణకి కౌలాలంపూర్ నుంచి బ్యాంకాక్‌కి. ఆ రెండో దేశానికి కూడా మీకు ప్రవేశం ఉందా అని కౌంటర్లో అడుగుతారని గుర్తుంచుకోండి. బస్సు టికెట్ చూపిస్తే కొందరు లెక్కలోకి తీసుకోరు.

ఇక డమ్మీ టికెట్. నాలుగైదు వందలు తీసుకుని ఒక కాగితం చేతిలో పెడతారు. దాని మీద పీఎన్ఆర్ ఉంటుంది, మీ పేరు ఉంటుంది, చూడ్డానికి అచ్చం టికెట్టే. కానీ అది సీటు పట్టి ఉంచిన బుకింగ్ మాత్రమే, డబ్బు కట్టకపోతే ఒకట్రెండు రోజుల్లో దానంతటదే రద్దవుతుంది. కొన్నయితే అసలు బుకింగ్ కూడా కాదు, కంప్యూటర్లో దిద్దిన కాగితం. యూరప్ దేశాల షెంగెన్ లాంటి వీసాకి అప్లై చేసేటప్పుడు రిజర్వేషన్ కాగితం చాలంటారు, వీసా రాకముందు టికెట్ కొనొద్దనే చెబుతారు. అక్కడ రిజర్వేషన్ పెట్టడం తప్పు కాదు. విమానం ఎక్కేటప్పుడు, ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం దొంగ కాగితం చూపించకండి. దొరికితే ప్రయాణం పోతుంది, తర్వాత వీసాలకి కూడా ఆ మచ్చ అడ్డొస్తుంది.

నిజమైన టికెట్ ఎలా గుర్తుపట్టాలి? ప్రింటు పైన ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన పీఎన్ఆర్ ఉంటుంది. అది ఒక్కటే ఉంటే నమ్మకండి. మీ పేరు పక్కనో కిందో 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉండాలి. మొదటి మూడు అంకెలు సంస్థవి: ఎయిర్ ఇండియాకి 098, ఎమిరేట్స్‌కి 176, ఖతార్‌కి 157, ఎతిహాద్‌కి 607. కొన్ని సంస్థల ప్రింటు మీద ఈ నంబరు కనిపించకపోవచ్చు. ఎలాగైనా సరే ఆ సంస్థ సొంత సైట్లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి, కన్ఫర్మ్డ్ అని వస్తోందా చూడండి. ఏజెంటు దగ్గర తీసినవాళ్ళు షాపులోంచి బయటికి రాకముందే చూడాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి

మన కోనసీమ నుంచి, పశ్చిమగోదావరి ఊళ్ళ నుంచి కువైట్, మస్కట్, దోహా వెళ్ళే ఆడవాళ్ళు ఎంతమందో అందరికీ తెలుసు. చాలామందిది పదో తరగతి పాసవని చదువు. వాళ్ళ పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లున్న పేజీ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. గల్ఫ్ దేశాలు, మలేషియాతో కలిపి 18 దేశాలకి ఉద్యోగం కోసం వెళ్ళాలంటే వీళ్ళకి ఈ-మైగ్రేట్ అనే మన ప్రభుత్వ సైట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ఉద్యోగానికి వెళ్ళే అనుమతి ఉండాలి. ఇంటి పనికి వెళ్ళే స్త్రీలకి కనీసం 30 ఏళ్ళు నిండాలి. అదే పాస్‌పోర్టుతో ఆ దేశాలకి చుట్టపుచూపుగా వెళ్ళాలంటే వీసాతో పాటు రిటర్న్ టికెట్ చూపించాలి. ఇది మన దేశపు నియమం, శంషాబాద్‌లో మన ఇమిగ్రేషన్ వాళ్ళే అడుగుతారు.

ఈ నియమాన్ని అడ్డం పెట్టుకునే కొందరు ఏజెంట్లు మోసం చేస్తారు. "విజిట్ వీసా మీద వెళ్ళమ్మా, రిటర్న్ టికెట్ నేనే పెడతా, అక్కడ దిగాక వీసా మార్పిస్తా" అంటారు. ఆ రిటర్న్ టికెట్ విమానం ఎక్కాక రద్దు చేసి డబ్బు తీసేసుకుంటారు. అక్కడ దిగిన అమ్మకి క్లియరెన్స్ ఉండదు, వెనక్కి రావడానికి టికెట్ ఉండదు, జీతం ఇవ్వకపోతే చూపించడానికి కాంట్రాక్టు కూడా ఉండదు. మీ ఇంట్లోంచి ఎవరైనా ఇలా బయల్దేరుతుంటే దయచేసి ఆపండి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైట్లో ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు కూడా పట్టదు.

అకామా మీద సెలవుకి వచ్చినవాళ్ళు కూడా తిరుగు తేదీ జాగ్రత్తగా పెట్టుకోవాలి. కువైట్ బయట గడువు దాటి ఉంటే అకామా పోతుంది, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి ఆ గడువు మిగతావాళ్ళకంటే తక్కువ.

దారి ఎంచుకోవడం

ఇప్పుడు విమానం వెతకండి. గూగుల్ ఫ్లైట్స్, స్కైస్కానర్ లాంటివి దారులు పోల్చడానికి బాగుంటాయి. డబ్బు మాత్రం విమాన సంస్థ సొంత సైట్లో గానీ, తెలిసిన ఏజెంటు దగ్గర గానీ కట్టండి. మధ్యలో ఎవరో ముక్కూ మొహం తెలియని సైటు ఉంటే, తేదీ మార్చాల్సి వచ్చినప్పుడు విమాన సంస్థ ఆ సైటు వాళ్ళ దగ్గరికి, సైటు వాళ్ళు విమాన సంస్థ దగ్గరికి తిప్పుతారు.

దారిలో దిగి ఇంకో విమానం ఎక్కాలంటే ఒకే టికెట్ మీద ఉండాలి. ఒకే పీఎన్ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, వేరే విమానం ఎక్కించే బాధ్యత వాళ్ళది. రెండు వేర్వేరు టికెట్లు అయితే రెండోది మీ నష్టమే. ఇంకో చిక్కు ఉంది. విశాఖ నుంచి సింగపూర్‌కి ఒక సంస్థ టికెట్, సింగపూర్ నుంచి మెల్‌బోర్న్‌కి ఇంకో సంస్థ టికెట్ చవగ్గా దొరికాయనుకోండి. బ్యాగులు సింగపూర్‌లో తీసుకుని మళ్ళీ ఇవ్వాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అంటే సింగపూర్‌లోకి ప్రవేశం కావాలి. మనకి అక్కడ మామూలుగా వీసా కావాలి. ఆస్ట్రేలియా లాంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉంటే 96 గంటల వరకు వీసా లేకుండా దాటే సదుపాయం ఉంది గానీ, దానికి షరతులున్నాయి; అవి చూసుకోకుండా బయల్దేరితే విశాఖలోనే ఆపెయ్యొచ్చు. వెబ్‌సైట్లో సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తే దాని అర్థం ఇదే.

బ్యాగులు మారకపోయినా, కొన్ని దేశాల్లో విమానాశ్రయం దాటకుండా విమానం మారడానికి కూడా వీసా అడుగుతారు. లండన్ మీదుగా వెళ్ళే మన పాస్‌పోర్టు వాళ్ళకి ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో ఏదైనా చెల్లేది ఉంటే మినహాయింపు ఉంది. అమెరికాలో అయితే మినహాయింపే లేదు. అక్కడ విమానం మారి మెక్సికో వెళ్ళాలన్నా అమెరికా వీసా ఉండాల్సిందే.

పెద్దవాళ్ళకి దారిలో ఒక్కచోటే మారేది చూడండి, మధ్యలో మూడు నాలుగు గంటలు ఉండేలా. గంటన్నరలో మారాలంటే నడవలేక, బోర్డులు చదవలేక కంగారుపడిపోతారు. టికెట్ తీసిన రోజే వీల్‌చైర్ అడగండి, దానికి మామూలుగా డబ్బు తీసుకోరు. అబుదాబి మీదుగా అమెరికా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. అటువైపు దిగాక సుఖం, కానీ అబుదాబిలో కాస్త ఎక్కువ సమయం పెట్టుకోండి.

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాద్, ఢిల్లీ, ముంబై లాంటి ఊళ్ళకి విమానాలున్నాయి కాబట్టి రాజమండ్రి నుంచే ఒకే టికెట్ తీసే వీలుందేమో కూడా వెతకండి. బ్యాగులు చివరి ఊరిదాకా వెళ్తాయా అని కౌంటర్లో అడిగి, ట్యాగ్ మీద మూడక్షరాల కోడ్ చూసుకోండి. కువైట్ అయితే కె డబ్ల్యూ ఐ, మస్కట్ అయితే ఎం సి టి అని ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మన దేశంలో మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అవుతాయి. బ్యాగులు అక్కడ తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సి వస్తుంది. రాజమండ్రి విమానానికి మధ్య మూడు గంటలైనా ఉంచండి.

రాత్రి విమానం, తేదీ పొరపాటు

ఈ ఒక్క పొరపాటుతో టికెట్ మొత్తం పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. శంషాబాద్ నుంచి గల్ఫ్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే. టికెట్ మీద 15వ తేదీ, 02:40 అని ఉంది. మనకి తెల్లవారితేనే తేదీ మారుతుంది కదా, 15వ తేదీ రాత్రి అనుకుంటాం. కానీ ఆ విమానం 14వ తేదీ రాత్రి పడుకునే వేళకి మీరు విమానాశ్రయంలో ఉండాల్సిన విమానం. వెనక్కి లెక్కపెట్టండి. కౌంటర్ గంట ముందు మూసేస్తారు, అంటే 1:40. మూడు గంటల ముందు చేరాలి, అంటే 14 రాత్రి 11:40. రాజోలు నుంచి బస్సులో హైదరాబాద్‌కి ఎనిమిది తొమ్మిది గంటలు, ఊళ్ళోంచి శంషాబాద్‌కి ఇంకో గంటన్నర. నేనైతే 13 రాత్రి బస్సో రైలో ఎక్కించి, 14 పగలంతా చుట్టాలింట్లో విశ్రాంతి తీసుకోమంటాను. చించినాడ వంతెన దాటితే పాలకొల్లులో రైలుంది. కాకినాడ, రాజమండ్రి వైపు వాళ్ళకి గౌతమి ఉంది. దిగాక పుష్పక్ బస్సులు నేరుగా విమానాశ్రయానికి వెళ్తాయి.

ఆగస్టులో గోదావరికి వరదొస్తే కాజ్‌వేలు మునిగి లంక ఊళ్ళ వాళ్ళు పడవ మీద దాటాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల భయం. సంక్రాంతి వెళ్ళిన వారం హైదరాబాద్ బస్సుల్లో సీటుండదు. 2027లో పుష్కరాలు, ఆ రోజుల్లో రాజమండ్రి దాటడమే కష్టం. ఆ కాలాల్లో ఒక రోజు ముందే బయల్దేరండి.

పేరు, సామాను

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మనవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అంతా ఒకే పేరుగా ఉండటం మామూలు. 2022 నవంబరు నుంచి యూఏఈ ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళని రానివ్వడం లేదు. తర్వాత, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరే అన్నారు. అలాంటి పాస్‌పోర్టు ఉంటే టికెట్ కంటే ముందు దాన్ని సరిచేయించుకోవడం మేలు.

ఆవకాయ, పూతరేకులు చెక్-ఇన్ బ్యాగులో గట్టిగా కట్టి పెట్టండి. నూనె ఉన్న ఊరగాయ చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. కురిడీలు, ఎండుకొబ్బరి మాత్రం అసలు పెట్టకండి. నూనె ఎక్కువున్న ఎండుకొబ్బరి దానంతటదే వేడెక్కి అంటుకుంటుందని విమానాల్లో ప్రమాదకర వస్తువుగా లెక్కేస్తారు. పెట్టె విప్పించి మరీ తీయిస్తారు.

కౌంటర్ దగ్గర, దిగాక

ఒక ప్లాస్టిక్ ఫైల్లో వరసగా పెట్టుకోండి: పాస్‌పోర్టు, వీసా ప్రింటు, వెళ్ళే టికెట్, రిటర్న్ టికెట్, ఉండబోయే ఇంటి అడ్రసు, అరైవల్ కార్డు. ఫోన్లో ఉన్నా ప్రింటు ఉంచండి. వేరే దేశంలో దిగాక నెట్ ఉండదు, పెద్దవాళ్ళకి ఫోన్లో వెతకడం రాదు. వెబ్ చెక్-ఇన్ చేస్తే "కాగితాలు కౌంటర్లో చూపించాలి" అని రావచ్చు, కంగారుపడకండి.

దిగాక ఇమిగ్రేషన్ వాళ్ళు ముద్ర వేసి పాస్‌పోర్టు ఇస్తారు. లైన్ దాటగానే పక్కకి జరిగి ముద్ర మీద రాసిన తేదీ చదవండి, ఏ రోజుదాకా ఉండొచ్చో చాలా చోట్ల అందులో ఉంటుంది. ముద్ర వెయ్యని దేశమైతే ఆన్‌లైన్లో చూడాలి, అమెరికాలో ఐ-94 అని అడిగితే పిల్లలు తీసిస్తారు. ఆ తేదీని మీ రిటర్న్ టికెట్ తేదీ పక్కన పెట్టి చూసుకోండి. టికెట్ తేదీ వెనకపడితే మార్పించడానికి మంచి సమయం ఆ మొదటి వారమే. మా చిన్నాన్న కౌలాలంపూర్‌లో దిగి ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగింది అదే. ముద్ర ఫోటో తీసి పంపించమన్నాను. 30 రోజులు ఇచ్చారు, మేం తీసిన రిటర్న్ 26వ రోజుకి ఉంది.